ప్యాకేజీలో లేని గాజులు

దయ్యాలంటే నాకు నమ్మకం లేదు. ఏడో తరగతిలో బడి మానేసిన రోజు నుంచీ లేదు. మా లెక్కల మేస్టారి కంటే భయంకరమైనది ఈ లోకంలో ఇంకేదీ ఉండదని ఆ రోజే తేల్చేసుకున్నాను. శ్మశానం పక్క నుంచి ఈల వేసుకుంటూ సైకిలు తొక్కినవాణ్ణి. ఇది చదివాక "పాపం, మారిపోయాడు" అనుకోబోయేవాళ్ళకి ముందే చెప్తున్నాను. మారలేదు.

మాది బందరు. కవరింగ్ గాజుల పని. గాజు చేత్తో పట్టుకుంటే చాలు, సైజు చెప్పేస్తాను. గొప్పకి చెప్పటం లేదు, ఈ సంగతి తెలిస్తేనే తర్వాత జరిగింది అర్థమవుతుంది.

మా వీధి మొత్తానికి ఒక్కరి దగ్గరే సెల్‌ఫోన్ ఉన్న రోజులవి. స్టీలు సామాన్ల కొట్టువాళ్ళు దసరాకి తీసిన లక్కీ డ్రాలో నా పేరు వచ్చింది. బహుమతి ఏమిటంటే, సముద్రపొడ్డున కొత్తగా కట్టిన రిసార్టులో భార్యాభర్తలకి రెండు రోజుల బస. గది, తిండి, పడవ షికారు, సాయంత్రం ఆటాపాటా, అన్నీ కలిపే.

అప్పుడు మా ఆవిడ నాగమణికి ఏడో నెల. అంతకు ముందు రెండుసార్లు కడుపు నిలవలేదు. రెండోసారి మరీ అన్యాయం. ముత్తైదువుల్ని పిలిచి గాజులు తొడిగే వేడుక చేశాం, వారం తిరక్కుండానే పోయింది. అందుకే ఈసారి మా అత్తయ్య గాజుల మాటే ఎత్తనివ్వలేదు. బిడ్డ భూమ్మీద పడి ఏడ్చేదాకా కొత్త గాజు చేతికి తగలకూడదంది. నాగమణి సరేనంది. కానీ వీధిలో గాజులమ్మే మనిషి కేక వినపడితే గుమ్మందాకా వెళ్ళేది. చూసి, ఊరికే వెనక్కి వచ్చేది.

రిసార్టు అనగానే అత్తయ్య గొంతు లేచింది. "ఏడో నెల పిల్లని సముద్రం గాలికి తీసుకెళ్తారా బాబూ? మీకేమన్నా మతుందా?"

"గాలి కూడా ప్యాకేజీలోదే అత్తయ్యా, వదులుకుంటే నష్టం" అన్నాను.

డాక్టరమ్మ వెళ్ళొచ్చంది. నాకు అంతకంటే పెద్ద దేవత లేదు.

సముద్రం కనిపించే గది అని కాగితం మీద వేశారు. కిటికీ తీస్తే రొయ్యల చెరువు కనిపించింది. మేనేజరుని అడిగితే "దాని అవతల సముద్రమేనండీ" అన్నాడు. ఆ లెక్కన మా ఇంటి కిటికీలోంచీ సముద్రం కనిపిస్తుంది. పడవ బోర్లా పడి ఉంది, దాని కింద కుక్క పిల్లల్ని పెట్టింది. ఈత కొలనులో నీళ్ళ కంటే పాచి ఎక్కువ. ఏసీ గదిని చల్లబరచలేదు కానీ మంచాన్ని తడిపింది. భోజనాల దగ్గర సాంబారు, అప్పడాలు. చేపలేవంటే రేపన్నారు. సముద్రం పక్కన కూర్చుని చేప లేదని చెప్పటానికి కూడా ఒక ధైర్యం కావాలి. మేము తప్ప వేరే అతిథి లేడు. మిగతావాళ్ళు తెలివైనవాళ్ళు.

నాగమణి మాత్రం దేనికీ వంక పెట్టలేదు. "పోన్లెండి, వంట చేసుకోనక్కర్లేదు, అదే పండగ" అంది. ఆ మాటకే నాకు ఇంకా మండింది.

రెండో రోజు మధ్యాహ్నం మేనేజరుతో ఒక రౌండు పోట్లాడి గదికి తిరిగొస్తున్నాను. వరండాలో నాగమణి కుర్చీలో కూర్చుని ఉంది. ఎదురుగా నేల మీద ఒకావిడ నాకు వీపు పెట్టి కూర్చుంది. భుజాన గాజుల గుత్తి. నాగమణి చేతిని ఒళ్ళో పెట్టుకుని, కణుపులు నొక్కుతూ ఆకుపచ్చ గాజులు ఎక్కిస్తోంది. మట్టిగాజులు.

నేను స్తంభం దగ్గరే ఆగాను. నాగమణి మొహం అలా వెలగటం చూసి చాలా రోజులైంది. ఈ దిక్కుమాలిన ప్యాకేజీలో పనికొచ్చేది ఒక్కటన్నా పెట్టారనుకున్నాను.

మా వైపు గాజులు తొడిగినావిణ్ణి, అందులోనూ కడుపుతో ఉన్న పిల్లకి తొడిగినావిణ్ణి, వట్టి చేతులతో పంపరు. చేటలో బియ్యం పోసి, తాంబూలం పెట్టి ఇస్తారు. నాగమణి నా వైపు చూసింది.

"రిసార్టువాళ్ళే ఇచ్చుకుంటారులే, అన్నీ కలిపే" అన్నాను.

గాజులావిడ నవ్వింది. మొహం తిప్పలేదు. "పురుడయ్యేదాకా తియ్యమాకమ్మా. నాకు రావాల్సింది అప్పుడొచ్చి తీసుకుంటాలే" అంది. లేచి, వరండా చివరిదాకా నడిచి, మూల తిరిగింది.

అత్తయ్యకి కూడా ఓ జత అడుగుదామని, సరదాకే, నేనూ వెనకే వెళ్ళాను. మూల తిరిగితే గోడ. సగం కట్టి వదిలేసిన గది, దానికి తాళం. ఇంకో పక్క రొయ్యల చెరువు కంచె. మనిషి లేదు. కంచె దాటాలంటే చీర చిరగాల్సిందే. నేల మీద ఇసుక ఉంది, అడుగులు లేవు. ఉన్నది ఉన్నట్టు చెప్తున్నాను. దీనికి రంగు వెయ్యటం నాకు చేతకాక కాదు.

వెనక్కొచ్చి నాగమణి చెయ్యి పట్టుకున్నాను. గాజు తగలగానే నా వేళ్ళకి తెలిసింది. రెండు సైజు. అంటే ఎనిమిదేళ్ళ పిల్ల వేసుకునేది. నాగమణిది రెండున్నర చెయ్యి, నెలలు నిండుతున్నకొద్దీ వాపు కూడా. నేర్పున్న మనిషి ఒక సైజు తక్కువది ఎక్కిస్తుంది, నేనూ చూశాను. ఇది అది కాదు. మణికట్టు చుట్టూ సరిపోయాయి కానీ, ఆ చెయ్యి దాటి అక్కడిదాకా రావటానికి దారి లేదు.

"నొప్పి పుట్టలేదా?"

"లేదండీ. నీళ్ళలో చెయ్యి పెట్టినట్టుంది."

మేనేజరు దగ్గరికి వెళ్ళాను. "గాజులా? మా దగ్గర అలాంటివేం లేవండీ. గేటు కూడా వేసే ఉంది" అన్నాడు.

"నీ దగ్గర ఏవీ లేవని నాకు తెలుసయ్యా. ఆవిడెవరో చెప్పు" అన్నాను. అతను నా వైపు జాలిగా చూశాడు. ఆ సాంబారు పోసినప్పుడు కూడా చూపించని జాలి.

ఇంటికెళ్ళాక అత్తయ్య ఆ చేతులు చూసి గడప మీదే కూలబడింది. తియ్యబోతే రావు. సబ్బు, కొబ్బరినూనె, పాలిథిన్ కవరు, మా పనిలో తెలిసిన ఉపాయాలన్నీ ప్రయత్నించాను. పోనీ పగలగొడదామంటే, మొగుడు బతికుండగా ఆడదాని చేతి గాజు కావాలని పగలగొట్టటం ఏ ఇంట్లోనూ చెయ్యరు. ఉంచుకోలేరు, తియ్యలేరు.

"తీసుకోవాల్సింది తీసుకుంటానందా? ఏం తీసుకుంటుంది బాబూ?" అని అత్తయ్య రోజూ అడిగేది. ఆవిడ దేనికి భయపడుతోందో ఇంట్లో అందరికీ తెలుసు. పైకి అనే ధైర్యం ఎవరికీ లేదు.

"బియ్యం తీసుకుంటుంది. రాకపోతే ఆ బియ్యం మనకే మిగులు" అనేవాణ్ణి.

నాగమణి నవ్వేది. తర్వాత పొట్ట మీద చెయ్యి వేసుకుని, లోపల కదిలిందాకా అలాగే కూర్చునేది. అది చూసి నేను చేతిలో పని వదిలేసి బయటికెళ్ళిపోయేవాణ్ణి. పెడన నుంచి అవనిగడ్డ దాకా నాకు తెలిసిన గాజులవాళ్ళందర్నీ అడిగాను. అలాంటి మనిషి ఎవరికీ తెలీదు. ఒకతను "శాంతి చేయించు బావా" అన్నాడు. మోపిదేవి వెళ్ళి మొక్కుకోమని ఇంకొకావిడ. దేవుడి మీద కోపం లేదు. భయపడి వెళ్ళాలంటేనే నాకు పడదు. వెళ్ళలేదు.

నెలలు నిండాక ఒక రాత్రి నొప్పులు వచ్చాయి. తెల్లవారి ఆసుపత్రిలో చేర్చాం. చేతులు బాగా వాచాయి. నర్సు చూసి, సెలైన్ సూది పెట్టాలి, గాజులు పగలగొట్టాలంది. నాగమణి వద్దంది. అత్తయ్య మాత్రం ఇన్నాళ్ళూ పట్టుకున్న ఆచారమంతా ఒక్క క్షణంలో వదిలేసింది. "పగలగొట్టెయ్యమ్మా! పీడ పోద్ది!" అని ఏడ్చింది.

ఇన్ని నెలలూ ఆ గాజుల్ని వెక్కిరించినవాణ్ణి నేను. సరేనంటే అయిపోయేది. కానీ ఇప్పుడు పగలగొట్టనిస్తే, ఆ గాజులావిడ వస్తుందని నేనూ భయపడ్డట్టే. వెళ్ళి మంచానికీ నర్సుకీ మధ్య నిలబడ్డాను.

"వాటిని ఎవరూ ముట్టుకోవటానికి లేదు."

"మీకు ఇలాంటివన్నీ నమ్మకమా?" అంది నర్సు.

"లేదు కాబట్టే."

అంత నొప్పిలోనూ నాగమణి నా చొక్కా పట్టుకుని నవ్వింది. డాక్టరమ్మ వచ్చి చూసి, "ఎందుకమ్మా గొడవ? సూది మోచేతి దగ్గర పెట్టండి, మణికట్టుకి దూది చుట్టండి" అని ఒక్క మాటతో తేల్చేసింది.

నన్ను బయటికి పంపారు. తలుపు పక్కనే నిలబడ్డాను. లోపల నుంచి నాగమణి కేక వినిపించింది, తర్వాత ఏమీ లేదు. చాలాసేపు ఏమీ లేదు. వరండా చివర మూల మలుపు వైపు చూశాను. అక్కడ ఎవరూ లేరు.

"రామ్మా" అన్నాను, పైకే. "బియ్యం ఇస్తాను, చీర పెడతాను. కావాలంటే నా చేతులు తీసుకో, ఇక గాజులు చెయ్యను. లోపలున్న ఆ ఇద్దరి జోలికి వచ్చావంటే మాత్రం మర్యాద దక్కదు."

ఫ్లాస్కుతో వెళ్తున్న ఒక పెద్దాయన ఆగి నన్ను చూసి, గోడ వారగా నడిచి వెళ్ళిపోయాడు. అప్పుడే బిడ్డ ఏడ్చింది.

కాసేపటికి నర్సు స్టీలు ట్రేలో గాజులు పట్టుకొచ్చింది. అన్నీ ఉన్నాయి, ఒక్కటి కూడా చిట్లలేదు. "దూది విప్పుతుంటే వాటంతటవే జారి పడ్డాయండీ" అంది. అక్కడే చూశాను. రెండు సైజే. వాపు తగ్గాక నాగమణి చేతికి మళ్ళీ పెట్టి చూశాను. కణుపుల దగ్గరే ఆగిపోయాయి.

నాగమణి క్షేమం, బిడ్డ క్షేమం. నా చేతులూ ఉన్నాయి, గాజులు చేస్తూనే ఉన్నాను. ఆ గాజులావిడ ఏం తీసుకుందో, అసలు వచ్చిందో లేదో నాకు తెలీదు. ఆ గాజులు ఎలా ఎక్కాయో, ఎలా దిగాయో, బతుకంతా గాజుల్లోనే ఉన్నవాణ్ణి, నేను చెప్పలేను. దయ్యమంటారా, ఒప్పుకోను. ఎవరొచ్చి వాదించినా కాచుకుని ఉన్నాను.

మా అమ్మాయి ఇప్పుడు గుడివాడలో చదువుతోంది. నోరు నాదే వచ్చింది. సెలవులకి వచ్చినప్పుడు నన్ను పట్టుకుంటుంది.

"నిజంగా నమ్మవా నాన్నా?"

"నమ్మనే."

"మరి ఆసుపత్రిలో ఎవరితో మాట్లాడావు?"

అక్కడ మాత్రం నాకు జోకు దొరకదు.