స్వాతి అక్క ‘కజిన్’ అయిపోయిన రోజు

మా చిన్నప్పుడు... అమెరికాలో, ఇర్వింగ్‌లో పెద్దమ్మ వాళ్ళు పై ఫ్లోర్, మేము కింద. గుంటూరు నుంచి కొత్తగా వచ్చాం, నాకు ఏడేళ్ళు. పెద్దమ్మ కూతురు స్వాతి అక్క నాకు జడ వేసేది, ముద్దపప్పు కలిపి పెట్టేది, చదవకపోతే మొట్టికాయలూ వేసేది.

రోజూ స్కూల్ నుంచి పెద్దమ్మే కార్‌లో తీసుకొచ్చేది. ఒకరోజు కారు స్టార్ట్ కాలేదు. అక్క తన స్కూల్ అవ్వగానే నడుచుకుంటూ నా కోసం వచ్చింది.

స్కూల్ ఆఫీసులో ఆవిడ “ఆర్ యూ హర్ సిస్టర్?” అని అక్కని అడిగింది.

“నో మ్యామ్, కజిన్” అంది అక్క.

కజిన్ అంటే తెలియదు కానీ, సిస్టర్ అంటే అక్క అని తెలుసు. ‘నో’ అంటే ఏంటో కూడా తెలుసు... అంతే, భోరుమన్నాను.

ఆవిడ కంగారుపడి అమ్మ ఆఫీస్‌కి ఫోన్ చేసి నాకిచ్చింది. “అమ్మా, స్వాతి అక్క నా సిస్టర్ కాదంట!”

“అవునే, కజిన్. ఏడవకుండా ఇంటికెళ్ళు, నాకు మీటింగ్ ఉంది.”

అమ్మ కూడా! ఇంక నాకు దిక్కెవరు?

రోడ్డు దాటే దగ్గర అక్క చెయ్యి చాపింది. నేను పట్టుకోలేదు. “నువ్వు నా అక్కవి కాదుగా!”

“అబ్బబ్బ... ఇక్కడ పెద్దమ్మ కూతురైనా, మేనత్త కొడుకైనా, బాబాయ్ పిల్లలైనా అందరూ కజిన్సే. వాళ్ళకున్నది ఒక్కటే మాట తల్లీ, ఏం చేస్తాం?”

“మరి నేను నీకేమవుతా?”

“చెల్లివి. చెయ్యి పట్టుకో.”

పట్టుకున్నాను. ఇంటిదాకా వదల్లేదు.

ఇప్పుడు అక్క వాళ్ళు బెంటన్‌విల్‌లో, మేము ప్లేనోలో. పోయిన నెల మా ఇంటికి వచ్చారు. పార్కులో ఎవరో అడిగితే, అక్క కొడుకు మా అమ్మాయిని చూపించి “మై కజిన్” అన్నాడు. మా అమ్మాయి తలూపి ఉయ్యాల ఎక్కేసింది.

నాకు చివుక్కుమంది. “అన్నయ్య అనవే” అన్నాను.

“వై? హీ ఈజ్ మై కజిన్, మమ్మీ.”

నిజమే, తప్పేం లేదు. మీ ఇళ్ళలో పిల్లలు ఏమని పిలుచుకుంటున్నారో చెప్పండి... మా అమ్మాయికి మాత్రం, వాడు నీ అన్నయ్య కాదని ఎవరైనా అంటే తను భోరుమనేంత దగ్గరి అన్నయ్య ఒకడు ఉంటే బాగుండుననిపించింది.