ఓపీలో నా స్టాప్‌వాచీ

ఉద్యోగంలో చేరిన కొత్తలో, లోకంలో నేను కొలవలేనిదంటూ లేదని నాకు గట్టి నమ్మకం. (ఎంబీఏ చేతికొచ్చి అప్పటికి రెండు నెలలు. ఆ జబ్బు తగ్గడానికి ఇంకో నెల పట్టింది.) తెనాలిలో ఒక చిన్న ప్రైవేటు ఆసుపత్రి. యజమానిని అందరం పెద్దసార్ అనేవాళ్లం. చేరిన రోజే పిలిచి, "ఓపీలో ఒక్కో పేషెంటుకి మనకెంత ఖర్చవుతోందో తేల్చు. ఇద్దరు డాక్టర్లలో ఎవరు దండగో చెప్పు," అన్నారు. ఇద్దరికీ నేనే పేర్లు పెట్టుకున్నాను: మెరుపు డాక్టరు, కబుర్ల డాక్టరు. మెరుపుగారు మూడు నిమిషాల్లో మనిషిని చూసి పంపేసేవారు. కబుర్లాయన వేమూరు రైతు వస్తే కాలవకి నీళ్లొదిలారా అని మొదలుపెట్టి, పావుగంటకి గానీ నాలుక చూపించమనేవారు కాదు. నేను మూల స్టూలు మీద కూర్చుని ఫోన్లో స్టాప్‌వాచీ నొక్కుతుండేవాణ్ణి. అడవులదీవి నుంచి వచ్చిన తాతొకాయన అదేదో పరీక్ష అనుకున్నాడు.

"నాకెంతొచ్చింది బాబూ?"

"పద్దెనిమిదండి."

"మా ఆవిడకి పదకొండే వచ్చిందే! తగ్గడానికి మందేమన్నా ఉందా?"

నెల తిరక్కుండా రిపోర్టు ఇచ్చేశాను: కబుర్ల డాక్టరుని తీసేస్తే ఓపీ ఖర్చు బాగా తగ్గుతుంది. పెద్దసార్ మురిసిపోయి, "సోమవారం ఆయనకి చెప్పేద్దాం," అన్నారు.

శనివారం మెరుపుగారి గది ముందు, రేపల్లెలో చీరల మీద మగ్గం వర్కు చేసే ఒక ముస్లిం పెద్దావిడ తల పట్టుకుని కూర్చునుంది. ఎక్కడో చూసిన ముఖం. "ఇంతకుముందు వచ్చారాండి?" అన్నాను.

"ఇది ఐదోసారి బాబూ. తలనొప్పి అనగానే చీటీ చింపి చేతిలో పెడతారు. మిగతా మాట నా నోట్లోనే ఉండిపోతోంది."

నా లెక్కలో ఆవిడ నలుగురు పేషెంట్లు! నలుగురినీ చవగ్గా చూసేశామని రిపోర్టులో మెచ్చుకున్నాను కూడా. ఆవిణ్ణి కబుర్లాయన దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన, పని ఎక్కడ కూర్చుని చేస్తావు, సూదిలోకి దారం ఎవరెక్కిస్తారు అంటూ మొదలుపెట్టారు. "ఈమధ్య మా అమ్మాయే ఎక్కిస్తోందండి. నాకు సూది బెజ్జం ఆనట్లేదు," అంది. కళ్ల డాక్టరుకి చీటీ రాసిచ్చారు. కావలసింది కళ్లజోడు, అంతే.

ఆదివారమంతా ఓపీ రిజిస్టరు ముందేసుకుని పేర్లు కలిపి చూస్తే, మెరుపుగారి దగ్గరికి తిరిగి తిరిగి వస్తున్నవాళ్లు చాలామందే తేలారు. సోమవారం కబుర్ల డాక్టరు ఎదుటే, "సార్, నా రిపోర్టు తప్పండి. వచ్చినవాళ్లని లెక్కపెట్టాను, నయమైనవాళ్లని కాదు," అన్నాను.

పెద్దసార్, "మరి నిన్ను తీసేస్తే ఎంత మిగులుతుంది?" అన్నారు.

"బాగానే మిగులుతుందండి," అన్నాను, నిజాయితీగా.

కబుర్ల డాక్టరు పకపకా నవ్వి, "పొద్దున ఏమన్నా తిన్నావా?" అంటూ నన్ను టిఫిన్‌కి లాక్కెళ్లారు. మా ఇద్దరి ఉద్యోగాలూ నిలిచాయి.

ఇప్పుడు బాపట్లలో ఉంటున్నాను, నాకూ బీపీ వచ్చింది. డాక్టరు ముందు కూర్చుంటే నిద్ర గురించీ, మా వీధి గురించీ, ఏవేవో చెప్పాలనిపిస్తుంది. చెబుతూనే ఉంటాను, ఆయన వింటూనే ఉంటారు. ఆనాటి నేను ఆ గదిలో ఉంటే, ఈ డాక్టరొట్టి దండగ మనిషని రాసిపడేసేవాణ్ణి. పాపం, అంత తెలివి మళ్లీ నాకెప్పుడూ రాలేదు.