చీరల కింద తోటకూర

చింతాద్రిపేటలో మా వరండా తీగ మీద అమ్మ పల్చటి నైలాన్ చీర ఆరేస్తే, పొద్దుటెండ అందులోంచి దిగి గోడంతా గులాబీరంగు పరుచుకుంటుంది. ఆ రంగు పడగానే నాకు ఎన్నూరులో అవ్వ తోటకూర మళ్ళు గుర్తొస్తాయి.

అవ్వ అంటే మా అమ్మమ్మ. ఉప్పుకాలవ పక్కన కొద్దిపాటి నేలలో ఆకుకూరలు పండించి అమ్మేది. మొక్కల బలానికని బెల్లంతో కుండలో పులియబెట్టిన చేపతలల కంపు, వానల్లో మోకాళ్ళదాకా అంటుకునే నల్లబురద, మధ్యాహ్నం సంగటిలోకి వేడి పులగూర, నంజుకోవడానికి కాల్చిన ఎండుచేప, ఇవే నా సెలవులు. మళ్ళ మీద బూడిద కూడా రాలేది. బొగ్గు కాల్చి కరెంటు తయారుచేసేచోట పోసిన బూడిదగుట్ట నుంచి గాలికి లేచి ఆకుల మీద పేరుకునేది. ఎంత కడిగినా పళ్ళకింద కరకరలాడేది. కొనేవాళ్ళు కట్ట విదిలించి వెనక్కి పడేసేవాళ్ళు.

అవ్వ కొబ్బరాకు తడికలు కప్పిచూసింది. ఎండ తగలక ఆకు పాలిపోయింది. నూలుచీరలు కప్పితే మంచుకు తడిసి, బరువెక్కి మొక్కల మీదే కూలాయి. చివరికి కోడంబాక్కంలో సినిమా దుస్తుల గదిలో పనిచేసే మామ, పారేయబోయే డాన్సు చీరలు మూటగట్టి తెచ్చాడు. వెదురుబద్దలు వంచి వాటి మీద పరిస్తే వెలుగు లోపలికి దిగింది, బూడిద పైనే ఆగింది.

"హీరోయిన్ చీరలు తోటకూరకు కడతావామ్మా?" అని మామ ఎగతాళి చేశాడు.

"ఆయమ్మ కంటే నా కూరే అందంగా ఉండాది, పోరా," అంది అవ్వ.

చుట్టుపక్కల మళ్ళవాళ్ళందరూ అదే పద్ధతి పట్టారు. దాగుడుమూతల్లో మేము ఆ చీరల కిందికి దూరితే చేతులు ఒకచోట పచ్చగా, ఒకచోట ఊదాగా మెరిసేవి.

బూడిదగుట్ట మాత్రం ఏటికేడు మళ్ళవైపు జరుగుతూనే ఉంది. ఇటువైపు పోయడం ఆపించమని అందరూ మొరపెట్టుకుంటే, పంటకు నష్టముందో లేదో చూడటానికి ఒక ఆఫీసరు వస్తున్నాడని కబురొచ్చింది. ఆ రోజు పొద్దున్నే అవ్వ చీరలన్నీ దులిపి ఉతికి ఆరేసింది. మొక్కమొక్కకూ నీళ్ళు చల్లి కడిగింది, లేత కట్టలు ఏరి పళ్ళెంలో పెట్టింది. మిగతావాళ్ళూ అదే చేశారు. ఆయన ఆకు నలిపి వాసన చూసి, ఇంత మంచి ఆకుకూర ఊళ్ళో దొరకదని తమిళంలో మెచ్చుకుని, బూడిద ఎక్కడని నవ్వాడు. కట్టలు జీపులో పెట్టించుకుని వెళ్ళిపోయాడు.

"కడిగేసినావేమ్మా? బూడిద చూడమనే గదా ఆయన్ని పిలిచింది," అన్నాడు మామ.

"వొచ్చినాయనకు మురికి కూర చూపిస్తామా? కూరమ్ముకునేవాళ్ళం, సిగ్గుండొద్దా?"

నష్టమేమీ లేదని తేల్చారు. మరుసటేడు ఎండాకాలానికి గుట్ట మళ్ళ మీదికే వచ్చింది. ఇప్పుడక్కడ మళ్ళు లేవు, గట్లు లేవు, కుండ పెట్టిన చోటు ఏదో అవ్వ కూడా పోల్చుకోలేకపోయింది. లారీలు తిరిగే బూడిదరంగు నేల, అంతే.

అవ్వ ఇప్పుడు మా దగ్గరే ఉంటుంది. ఈమధ్య మా వీధి కుళాయిలో మురికినీళ్ళు వస్తుంటే, చూడటానికి మనిషిని పంపిస్తామన్నారు. అమ్మ అలవాటుగా బిందె మూతికి గుడ్డ కట్టబోయింది.

"వడకట్టబాకమ్మే," అంది అవ్వ మంచం మీద నుంచి. "ఎట్టుండాదో అట్టే చూడనీ."

ఆ మనిషి ఇంకా రాలేదు. బిందె అడుగున మడ్డి పేరుకుంటోంది.