కార్డులో మధ్యస్థం

ఆఫీసులో ఆమెను అందరూ ఇన్‌స్పెక్టరమ్మ అంటారు. ముఖాన అనరు లెండి, వెనకాల అంటారు. ఆ సంగతి ఆమెకూ తెలుసు. నలభై ఒక్కేళ్ళ మనిషి. పద్దెనిమిదేళ్ళ కిందట మెట్ల మీంచి పడి, మెడ దగ్గర వెన్ను దెబ్బతిని, కాళ్ళు పూర్తిగా, చేతులు సగం చచ్చుబడ్డాయి. పనిచేసే రెండు వేళ్ళతోనే కంపెనీ తయారుచేసే యాప్‌లో తప్పులు పట్టడం ఆమె ఉద్యోగం. ఆమె చూసి ‘సరే’ నొక్కాకే ఏ మార్పైనా జనం ఫోన్లలోకి వెళ్తుంది.

లేవలేని వాళ్ళకు ఇంటికొచ్చి సాయం చేసే మనుషుల్ని కుదర్చడం ఆ యాప్ పని. మంచి పనే, ఎవరు కాదన్నారు! కానీ దాన్ని నడిపే యజమాని ఉన్నాడే, ముప్ఫై నిండని మహానుభావుడు, నోరు తెరిస్తే ‘మానవత్వం’ అంటాడు. వారానికోసారి ఆమె ఆఫీసుకు వెళ్తే చాలు, కుర్చీ ముందు గొంతుక్కూర్చుని, చంటిపిల్లతో మాట్లాడినట్టు మాటలు సాగదీస్తాడు. అడక్కుండానే భుజం నిమురుతాడు. ఆ చెయ్యి తీసేశాక కూడా చాలాసేపు ఆమెకు అక్కడ జిడ్డు అంటుకున్నట్టే ఉంటుంది. ఛీ, ఏం మనిషో!

మొదట్లో యాప్‌లో సాయం కావాల్సిన ప్రతి మనిషి వివరాల కార్డు మీదా బరువు ఉండేది. సాయానికొచ్చే వాళ్ళు ముందు అడిగేది అదే మరి, బరువు మోయాల్సింది వాళ్ళ నడుమే కదా. నెల తిరిగేసరికి తేలిందేమిటంటే, డెబ్బై కిలోలు దాటిన వాళ్ళ ఇళ్ళకు ఒక్కరూ రావడం లేదు. అలాంటి చోటికి ఇద్దర్ని పంపాలని ఇన్‌స్పెక్టరమ్మ రాసింది. యజమానికి అంతకన్నా సులువైన ఉపాయం తట్టింది. కిలోలు తీసేయించి, ‘తేలిక’, ‘మధ్యస్థం’ అని రెండే మాటలు పెట్టించాడు. యాభై దాటితే ఏనుగైనా మధ్యస్థమే.

“బరువు చూస్తే రారు మేడం. చూడకపోతే వస్తారు. వచ్చాక మంచం మీద మనిషిని చూసి వెనక్కి పోతారా చెప్పండి? మానవత్వం ఉంటుంది కదా!”

ఎదుటి మనిషి జాలినే ఆసరా చేసుకుని ఆ మనిషి నడుము విరగ్గొట్టే ఉపాయాన్ని ఎంత నింపాదిగా చెబుతున్నాడు! చెడామడా కడిగేయాల్సింది. కడగలేదు. ఎందుకంటే అప్పటికి పదకొండు రోజులుగా ఆమె కార్డు కూడా దిక్కులేకుండా పడి ఉంది. ఆమె బరువు డెబ్బై ఎనిమిది. పన్నెండేళ్ళుగా ఆమెను ఎత్తి దించిన వదినకు డిస్కు జారింది, వంగితే కేక పెడుతోంది. అన్నయ్య లారీ ఎక్కాడంటే మళ్ళీ వారానికి గానీ రాడు. ఇన్‌స్పెక్టరమ్మ నోరు మూసుకుని ‘సరే’ నొక్కింది. ముందు కొద్దిమంది కార్డులు మాత్రమే మార్చి చూశారు, అందులో ఆమెదీ ఉంది. మర్నాటికల్లా మనిషి కుదిరింది! మిగతా అందరికీ ఆ మార్పును ఆ మనిషి మొదటిసారి వచ్చే రోజు ఉదయం పదకొండింటికి వదలాలని నిర్ణయమైంది.

సాయానికి వచ్చినామెకు యాభై ఏళ్ళుంటాయి. గాలేస్తే ఎగిరిపోయేలా ఉంది. ఎనిమిదింటికే వచ్చి, చేతులు కడుక్కుని, దుప్పటి తీసి, తడిసిన పక్క చూసి కూడా ముక్కు చిట్లించలేదు. ఇన్‌స్పెక్టరమ్మను పక్కకు తిప్పి, తడి గుడ్డ లాగేసి, పొడిది పరిచి, ఒళ్ళు తుడిచింది. పని తెలిసిన చేతులు. అబ్బ, ప్రాణం లేచొచ్చినట్టయింది! తర్వాత చక్రాల కుర్చీని మంచానికి ఆనించి, ఇన్‌స్పెక్టరమ్మ చంకల కింద చేతులు పెట్టి ఆగింది.

“తిప్పుతుంటేనే అనుమానం వచ్చింది. ఎంత బరువుంటారమ్మా?”

గుమ్మంలో గోడ పట్టుకుని నిలబడ్డ వదిన, చెప్పొద్దన్నట్టు కళ్ళతో సైగ చేసింది. పాపం, ఆమె తప్పేముంది? ఈ మనిషి వెళ్ళిపోతే మళ్ళీ వంగాల్సింది ఆమే. ‘అరవై’ అంటే సరిపోతుంది, అయిదు నిమిషాల్లో కుర్చీలో ఉంటుంది. ఆ మాట ఇన్‌స్పెక్టరమ్మ నాలుక చివరిదాకా వచ్చింది కూడా. వచ్చినందుకే తన మీద తనకు రోత పుట్టింది.

“డెబ్బై ఎనిమిది. ఎత్తకు అక్కా.”

ఆమె గభాలున చేతులు తీసేసి ఫోను చూపించింది. “ఇందులో మధ్యస్థం అని ఉందే?”

“అబద్ధం. ఆ అబద్ధానికి ఒప్పుకున్నది నేనే.”

వదిన తల బాదుకుంది. “మహాతల్లీ! ఇప్పుడు నిన్నెవరు లేపుతారే?”

ఎవరూ లేపలేదు. ఇన్‌స్పెక్టరమ్మ పడుకునే ల్యాప్‌టాప్ పొట్ట మీద పెట్టించుకుని, తన ‘సరే’ వెనక్కి తీసేసుకుంది. రెండు నిమిషాల్లో యజమాని ఫోను.

“ఏంటి మేడం, చివర్లో ఇలా చేశారు? మీకు మనిషి దొరికింది కదా, ఇంకేం కావాలి?”

అరికాలి మంట నెత్తికెక్కిందంటారే, అరికాళ్ళు చచ్చుబడ్డ మనిషికి కూడా ఎక్కింది.

“ఈమె నడుము పడిపోతే మీరొచ్చి ఈమె ఇల్లు నడుపుతారా? మానవత్వమట మానవత్వం! మీ నోట ఆ మాట వింటే నాకు డోకొస్తోంది. ఇంకెప్పుడూ నా భుజం మీద చెయ్యి వెయ్యకండి.”

“మీరు బాగా అలిసిపోయినట్టున్నారు. రెస్టు తీసుకోండి,” అని అతను తియ్యగా చెప్పి ఫోను పెట్టేశాడు. ఆమె సెలవులో ఉందని రాసుకుని, ఇంకెవరి చేతనో ‘సరే’ నొక్కించి, చెప్పిన టైముకే మార్పు వదిలేశాడు. ఎంత తేలికో!

పదకొండు దాటింది. సాయానికి వచ్చినామె ఇన్‌స్పెక్టరమ్మ తల కింద రెండు దిళ్ళు ఎత్తి పెట్టి, చెంచాతో టీ తాగిస్తుండగా తన ఫోను టింగుమంది. మధ్యాహ్నానికి ఇంకో ఇంట్లో పని కుదిరింది. కార్డు మీద ఒక మగమనిషి పేరు, పక్కన ‘మధ్యస్థం’ అని ఉంది.

“ఈయన ఎంత ఉంటాడమ్మా?”

“తెలీదక్కా. వెళ్ళేముందు వాళ్ళకి ఫోన్ చేసి అడుగు.”

“ఇందులో వాళ్ళ నంబరు ఇవ్వరుగా.”

ఇవ్వరు. ఇంటివాళ్ళూ పనివాళ్ళూ తమలో తాము మాట్లాడుకోకూడదని యజమాని నంబర్లు దాచేయించాడు. పోయిన నెలలో ఆ మార్పును అటూ ఇటూ తిప్పి చూసి, ఎక్కడా తప్పు లేదని రాసింది ఇన్‌స్పెక్టరమ్మే.