హేమ గొంతు, మా మొహాలు

ఫోన్‌లో మా అమ్మ మనవరాలి గొంతు గుర్తుపట్టలేదు. ఆ రోజు నేను బియ్యం కడుగుతుంటే హేమ ఫోన్ ఎత్తి "అమ్మమ్మా" అంది. శ్రీకాకుళంలో ఉన్న మా అమ్మ, ఎవరో పక్కింటి మగపిల్లాడు ఎత్తాడనుకుని, మీ ఆంటీని పిలవమందట. హేమ పకపకా నవ్వింది. ఆ నవ్వు కూడా బొంగురుగానే ఉంది. అప్పుడు దానికి ఐదేళ్లు. రోజూ వినే గొంతు కాబట్టి ఎప్పుడు మారిందో నాకు తెలియలేదు, దూరాన ఉన్న అమ్మకి తెలిసింది.

మేముండేది రాయపూర్ పక్కన బీర్‌గావ్‌లో. మా ఆయన ఉర్లాలో ఒక రోలింగ్ మిల్లులో పనిచేస్తారు. ఇక్కడ డాబా మీద ఆరేసిన తెల్ల చొక్కా సాయంత్రానికి బూడిద రంగుకి తిరుగుతుంది. అందుకని గొంతు బొంగురుపోతే ఎవరూ కంగారుపడరు, డస్ట్ అంటారు. మా వీధి డాక్టరూ అదే అన్నాడు. ముందు సిరప్ ఇచ్చాడు, తర్వాత ఆస్త్మా అని ఇన్‌హేలర్ ఇచ్చాడు. మా అత్తగారు మిరియాల పాలు ఇచ్చారు. గొంతు బాగుపడలేదు సరికదా, నిద్రలో ఊపిరి తీస్తుంటే ఈల వేసినట్టు చప్పుడు మొదలైంది. మెట్లెక్కితే పక్కటెముకల మధ్య చర్మం లోపలికి లాక్కుపోయేది. అది చూశాక ఇక ఆ డాక్టరు దగ్గరికి వెళ్లలేదు.

రాయపూర్‌లో తెలీబంధా చెరువు దాటాక ఒక పెద్ద ఆసుపత్రి ఉంది. అక్కడి ఈఎన్‌టీ డాక్టరమ్మ ఎండోస్కోపీ చెయ్యాలన్నారు. హేమని నా ఒళ్లో కూర్చోబెట్టి గట్టిగా పట్టుకోమని, ముక్కులోంచి సన్నటి కెమెరా పంపారు. వోకల్ కార్డ్స్ ఉండాల్సిన చోట కాలీఫ్లవర్ ముక్కల్లాంటివి గుత్తులుగా కనిపించాయి. ప్యాపిలోమా, అంటే పులిపిరుల్లాంటివి అన్నారు. కేన్సర్ కాదన్నారు. ఆ మాటకి నాకు ప్రాణం లేచొచ్చింది. ఆ ప్రాణం అక్కడ ఎంతోసేపు నిలవలేదు.

"తీసేస్తాం. మళ్లీ వస్తాయి. మళ్లీ తీస్తాం. ఎన్నిసార్లని మాత్రం నన్నడగకండి" అన్నారు డాక్టరమ్మ హిందీలో. కొంతమందికి పెద్దయ్యేసరికి వాటంతటవే ఆగుతాయట, కొంతమందికి ఆగవట.

ఎందుకొచ్చాయని మా ఆయన అడిగారు. ఒక వైరస్ వల్ల, చాలావరకు కాన్పప్పుడు తల్లి నుంచి బిడ్డకి వస్తుంది, ఇందులో ఎవరి తప్పూ లేదు అన్నారు డాక్టరమ్మ. చివరి ముక్క మా ఆయన విన్నారు. నేను ముందు ముక్క దగ్గరే ఆగిపోయాను. ఇప్పటికీ అక్కడే ఉన్నాను.

డే కేర్ సర్జరీ, పొద్దున్న వచ్చి సాయంత్రం వెళ్లిపోవచ్చు అంటే, చిన్నదే కాబోలు అనుకున్నాం. ఇంటికి పంపేది అది చిన్నదని కాదు. ఆసుపత్రిలో నర్సులు చేసే పని ఆ సాయంత్రం నుంచి అమ్మానాన్నలు చెయ్యాలి, తేడా అంతే. ఆ పని ఎలా చెయ్యాలో సిస్టర్ మాకు చెప్పింది, మంచిగానే చెప్పింది. కానీ చెప్పింది హేమని థియేటర్‌లోంచి ట్రాలీ మీద తెస్తున్న వేళలో. ఆ వేళలో ఏ తల్లి చెవులు పనిచేస్తాయి? పెయిన్ సిరప్ పిల్ల ఏడ్చేదాకా ఆగి కాదు, టైముకి వెయ్యాలి. నీళ్లు కొంచెం కొంచెంగా తాగిస్తూ ఉండాలి. ఊపిరిలో చప్పుడు వచ్చినా, పెదాలు నీలంగా మారినా వెంటనే తీసుకురావాలి. కొన్ని రోజులు వాయిస్ రెస్ట్, అంటే మాటలు వద్దు, గుసగుసలు కూడా వద్దు. ఇవన్నీ మా ఆయన విని, ఆటోలో నాకు మళ్లీ చెప్పారు.

పిల్ల ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చిందంటే మనవాళ్లు ఆగుతారా. మా వీధిలో తెలుగువాళ్లు పది పన్నెండు కుటుంబాలు ఉంటాం. మర్నాడు పొద్దున్నుంచే బ్రెడ్లూ ఆపిల్ పళ్లూ పట్టుకుని పలకరించడానికి బయల్దేరారు. రాకపోతే బాధపడేదాన్ని నేనే. ధర్సీవా నుంచి మా వదిన, అంటే మా ఆయన అక్క, బస్సెక్కి వచ్చింది. హేమ అంటే ఆవిడకి ప్రాణం. మంచం మీద కూర్చుని తల నిమురుతూ, "ఏటే అమ్మీ, అత్త మీద అలిగినావా? ఒక్క మాట మాటాడితే నా మనసు కుదుటపడిపోద్ది" అంది.

పెద్దవాళ్లు అడిగితే జవాబు చెప్పాలని హేమకి నేర్పింది మేమే. అది నా వైపు చూసింది. నేను చేతిలో గిన్నె కింద పెట్టేలోపే "లేదత్తా" అంది. ఒకరికి చెప్పాక ఇంకొకరికి చెప్పకపోతే ఎలా? నొప్పేస్తుందా అని ఒకరు, ఏం తిన్నావని ఒకరు. అందరికీ మర్యాదగా చెప్పింది. చెప్పి చెప్పి నొప్పెక్కి ఏడ్చింది, ఏడుపుతో దగ్గొచ్చింది. పొద్దు వాలేసరికి గొంతులో మళ్లీ ఈల.

ఆటోలో వెళ్తున్నంతసేపూ హేమ నోరు తెరుచుకుని పైకి చూస్తూనే ఉంది. ఆసుపత్రిలో నెబ్యులైజేషన్ పెట్టారు, స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇచ్చారు. స్వెల్లింగ్ వచ్చిందని, ఇంకాస్త పెరిగి ఉంటే మెడ దగ్గర రంధ్రం చేసి ట్యూబ్ వెయ్యాల్సి వచ్చేదని డాక్టరమ్మ చెప్పారు. మాట్లాడినందుకే ఇలా అయిందని అనలేం, సర్జరీ తర్వాత ఎవరికైనా రావచ్చు అని కూడా అన్నారు. కానీ మా వదిన ఆ మాట నమ్మలేదు. వరండాలో కూర్చుని కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఆవిణ్ణి ఏమనగలను?

అప్పట్నుంచీ మేము ఆరితేరిపోయాం. సర్జరీ అయిన ప్రతిసారీ, ఇంటికి రాగానే మా ఆయన వీధి గుమ్మానికి బయట తాళం వేసి, పెరటి వైపు నుంచి లోపలికొచ్చేవారు. వీధివాళ్లంతా మేము తిరుపతి వెళ్లామనుకునేవారు, మా అంత భక్తులు రాయపూర్ మొత్తంలో లేరని పేరు కూడా వచ్చింది. పిల్ల ఒక్కతే నోరు మూసుకుని కూర్చుంటే జాలిగా ఉంటుందని మేమూ మాట్లాడేవాళ్లం కాదు. మా అత్తగారు టీవీ సౌండ్ తీసేసి సీరియల్ చూసేవారు, కథేమీ తేడా లేదని సైగ చేసేవారు. హేమ కిసుక్కున నవ్వబోయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునేది.

మాట్లాడని పిల్లకి రోజంతా ఒక్కటే పని, మన మొహాలు చూడటం. ఫోన్ వస్తే నా కనుబొమలు చూసి అవతల ఎవరో కనిపెట్టేసేది. నేను వంటింట్లో ఏడ్చి, కళ్లు కడుక్కుని వచ్చినా దానికి తెలిసిపోయేది.

ప్యాపిలోమాలు మాత్రం మా తాళాన్ని లెక్కచెయ్యలేదు. కొన్ని నెలలు గడిచేవి, మళ్లీ ఈల, మళ్లీ కెమెరా, మళ్లీ పరగడుపున ఆసుపత్రి. మొదట్లో అనస్థీషియా మాస్క్ చూసి గింజుకున్న పిల్ల, తర్వాత్తర్వాత తనే మాస్క్ పట్టుకుని మొహానికి పెట్టుకునేది. అది చూసి అక్కడి సిస్టర్లు మెచ్చుకునేవారు. నేను దాని చెప్పులు సంచిలో పెట్టుకుని బయటికి వచ్చేదాన్ని.

మాటిమాటికీ తియ్యడం వల్ల కార్డ్స్ మీద స్కార్ వచ్చి గట్టిపడ్డాయి. గొంతు సంగతేమిటని అడిగితే "ముందు ఊపిరి, తర్వాతే గొంతు" అన్నారు డాక్టరమ్మ. ఆ మాటలో న్యాయం ఉంది. అయినా వాయిస్ రెస్ట్ ముగిసిన ప్రతిసారీ నేను పరీక్ష రిజల్టు చూసేదానిలా హేమ ఎదురుగా కూర్చునేదాన్ని. అది "అమ్మా" అనేది. ప్రతిసారీ కిందటిసారి కంటే తక్కువ గొంతు, ఎక్కువ గాలి. బాగానే ఉందే అనేదాన్ని.

నిరుడు, హేమకి పన్నెండేళ్లప్పుడు, ఒక చెకప్ రోజున డే కేర్ వార్డు సిస్టర్ నన్ను పిలిచింది. ఇదే జబ్బుతో ఒక చిన్న పాప వచ్చిందని, వాళ్ల అమ్మ భయపడుతోందని, ఇంట్లో ఎలా చూసుకోవాలో నువ్వైతే అర్థమయ్యేలా చెప్తావని అంది. ఆ ఇల్లాలు ఛత్తీస్‌గఢీ మనిషి, పాపని భుజాన వేసుకుని నిలబడి ఉంది. సిరప్ సంగతీ నీళ్ల సంగతీ చుట్టాల సంగతీ అన్నీ హిందీలో చెప్పాను. తాళం కథ విని ఆవిడ నవ్వింది కూడా. ఆ నవ్వుతోనే నా పక్కనున్న హేమ వైపు తిరిగి, "బేటీ, ఇప్పుడు బాగా మాట్లాడుతున్నావా?" అని అడిగింది.

ఎప్పుడూ హేమ బదులు నేనే జవాబు చెప్పేదాన్ని. ఆ రోజు, పిల్లే చెప్పనీ అని ఆగాను.

"హా ఆంటీ, బోల్‌తీ హూ" అంది హేమ. మాట్లాడుతున్నానని చెప్పింది. తుప్పు పట్టిన గొళ్లెం లాగినట్టుంది ఆ గొంతు.

ఆవిడ మొహం పాలిపోయింది. పాపని ఇంకా దగ్గరికి హత్తుకుంది. ఆవిడ తప్పు కాదు, కావాలని చేసింది కాదు. హేమ ఆ మొహం చూసింది. చూసి నా వైపు తిరిగింది, నా మొహం ఎలా ఉందో చూడటానికి. ఎలా ఉందో నాకు తెలియదు. దానికి తెలుసు.

ఆ తర్వాత హేమ బయటివాళ్లతో మాట్లాడటం మానేసింది. ఇప్పుడు డాక్టరమ్మ మాట్లాడమనే అంటున్నారు, స్పీచ్ థెరపీకి పంపమంటున్నారు. థెరపీలో కూర్చుని వచ్చేస్తుంది. ఎనిమిదో క్లాసులో హాజరు పిలిస్తే చెయ్యెత్తుతుంది. చాలా డిసిప్లిన్ ఉన్న అమ్మాయి అని వాళ్ల టీచర్ నన్ను అభినందించింది. మొన్న కెమెరాలో మళ్లీ రెండు చోట్ల కనిపించాయి, సర్జరీకి డేట్ ఇచ్చారు. ఆగిపోతాయన్న ఆశ నాకు లేదు. మా ఆయనకి ఉందేమో, నేనడగను.

మీ పిల్లకి ఇలాంటి సర్జరీ ఉంటే మందులూ నీళ్లూ ఆసుపత్రివాళ్లు చెప్తారు, వాళ్లు చెప్పనిది ఒక్కటి నేను చెప్తాను. వాయిస్ రెస్ట్ ముగిసి పిల్ల మొదటి మాట అన్నప్పుడు మీ మొహం మారకూడదు. దానికి ముందునుంచే సిద్ధపడండి. డాక్టర్నడిగి గొంతు ఎంత పాడవ్వచ్చో తెలుసుకోండి, ఏడవాల్సింది ముందే ఏడ్చెయ్యండి. పిల్ల ఎదురుగా రిజల్టు కోసం కూర్చోకండి. ఏ గొంతు వచ్చినా, పిల్ల అడిగినదానికి మామూలుగా జవాబు చెప్పండి.

నాకు ఇది ఇంకా చేతకాలేదు. ఇంట్లో హేమ ఇప్పటికీ నాతో మాట్లాడుతుంది. అది మాట్లాడినప్పుడు నేను కూర తరుగుతూనో బట్టలు మడతపెడుతూనో, తల ఎత్తకుండా జవాబు చెప్తాను.