మంగళవారంలో పడ్డ సోమవారం

మా ఆఫీసులో కిటికీ పక్కన ఒక పాత కంప్యూటర్ ఉంది. దాన్ని ఎవరూ ఆపకూడదు, జరపకూడదు. పళ్ళ డాక్టర్లకు మేం అమ్మే అపాయింట్‌మెంట్ల సాఫ్ట్‌వేర్ ఆ ఒక్కదాని మీదే సవ్యంగా నడిచేది. ఇంకో మిషన్‌లోకి ఎక్కిస్తే ఏదో ఒక లైబ్రరీ లేదని మొరాయించేది. లైబ్రరీ అంటే పుస్తకాలు కావు, బయటివాళ్ళు రాసిపెట్టిన రెడీమేడ్ కోడ్. వాటిలో ఏది ఎక్కడినుంచి తెచ్చామో, ఏ వెర్షనో మాలో ఒక్కరికీ తెలియదు. ఎలాగో నెట్టుకొస్తున్నాం.

ఆ మిషన్‌తో రోజూ కుస్తీ పట్టేది అక్క. నా తోబుట్టువేం కాదు, ఆఫీసంతా ఆమెను అలాగే పిలుస్తాం. నవ్వితే పక్క గదికి వినిపిస్తుంది, కోపమొస్తే కీబోర్డుకు తెలుస్తుంది. వాళ్ళాయనకు వేరే ఊరికి బదిలీ అయింది. అక్కడినుంచే పని చేస్తానంటే మా సారు మెలిక పెట్టారు. కొత్త మిషన్ మీద నడిపించి చూపిస్తే సరే, లేదంటే రాజీనామా. ఇన్నేళ్ళు చేసిన మనిషితో అనాల్సిన మాటేనా? నాకు ఒళ్ళు మండింది. అక్క మాత్రం నడుం బిగించింది.

ప్యాకేజీ మేనేజర్ అనే ప్రోగ్రామ్ పెడదామంది. ఏ లైబ్రరీ కావాలో, ఏ వెర్షన్ కావాలో ఒక ఫైల్లో రాసిపెడితే, ఒక్క కమాండ్‌తో అన్నింటినీ అదే తెచ్చి సర్దుతుందట. నేనూ కుర్చీ జరుపుకున్నాను. ఆమె ఒక్కో లైబ్రరీ ఆనవాలు పట్టేది, నేను వెర్షన్ వెతికేదాన్ని. రెండింటికీ పడకపోతే తోడికోడళ్ళకు నచ్చజెప్పినట్టు ఇద్దరికీ సరిపోయే వెర్షన్ చూసేది. ఒక్కోటి కుదురుతుంటే మాకు ఆకలి కూడా తెలియలేదు.

చివరికి సారు ముందు కొత్త ల్యాప్‌టాప్ తెరిచి కమాండ్ కొట్టింది. లైబ్రరీలన్నీ బిలబిలమంటూ దిగాయి. ప్రోగ్రామ్ తెరుచుకుంది. చప్పట్లు కొట్టబోయి ఆగిపోయాను. సోమవారం రావలసిన రోగులంతా మంగళవారం కింద కనిపిస్తున్నారు.

"ఇది కుదరదని ముందే చెప్పాగా అమ్మా," అన్నారు సారు.

 అక్క లేవలేదు. పాత మిషన్‌లోని క్యాలెండర్ లైబ్రరీని, ఇప్పుడు దిగినదాన్ని పక్కపక్కన పెట్టి చూసింది. తేడా ఒకే చోట ఉంది. వారం ఆదివారంతో కాక సోమవారంతో మొదలయ్యేలా ఎవరో పాతదాన్ని లోపలే మార్చేశారు. ప్యాకేజీ మేనేజర్ అసలుదాన్ని తెచ్చింది, పాపం దాని తప్పేముంది? అసలుదాని లెక్కలో సోమవారం రెండో రోజు, మా పట్టికలో రెండో గడి మంగళవారానిది. మార్పు పక్కనే సారు పొడి అక్షరాలు ఉన్నాయి.

కంపెనీ పెట్టిన కొత్తలో ఏదో తొందరలో చేశానంటూ సారు నీళ్ళు నమిలారు. నాకు నవ్వు ఆగలేదు.

అక్క ఆ మార్పును మా సొంత కోడ్‌లో, అందరికీ కనబడేచోట రాసింది. తర్వాత లైబ్రరీల ఫోల్డర్ మొత్తం తుడిచేసి, ల్యాప్‌టాప్ ఆయన వైపు తిప్పింది. "ఈసారి మీరు కొట్టండి సార్."

సారు ఒంటి వేలితో టైపు చేశారు. అన్నీ మళ్ళీ దిగాయి. సోమవారం వాళ్ళు సోమవారం కిందే ఉన్నారు. ఆయన నమ్మలేక తన గదిలోని ల్యాప్‌టాప్ తెచ్చి దాంట్లోనూ ప్రయత్నించారు. అక్కడా అంతే. ఇక ఆపుకోలేక చిన్నపిల్లాడిలా నవ్వేశారు. ఎక్కడ కూర్చుని చేస్తే ఏముంది, నిశ్చింతగా వెళ్ళమన్నారు.

అక్క అక్కడికక్కడే వాళ్ళాయనకు ఫోన్ చేసింది. "వస్తున్నా. ఉద్యోగం కూడా నాతోనే వస్తోంది."

నా సంతోషానికి పట్టపగ్గాలు లేవు. ఆమె చెయ్యి పట్టుకుని ఊపేస్తున్నాను. ఊపుతూ ఊపుతూ ఉండగా తట్టింది, ఇక నా పక్క కుర్చీలో అక్క ఉండదని. అయినా చెయ్యి వదల్లేదు.