కారం మిల్లుకు కంప్యూటర్

మా అన్నయ్యను నేను జీవితంలో ఒక్కసారే తన్నాను. అదీ చెప్పు కాలితో, నడుం మీద, జగ్గయ్యపేటలోని మా కారం మిల్లులో, జనం చూస్తుండగా.

అంతకు వారం ముందు నందిగామలో ఒక పాత కంప్యూటర్ కొన్నాను. వెనక ప్రింటర్ తగిలించే పోర్టు ఉందనే కొన్నాను. ఆ పోర్టు నుంచి ఎనిమిది తీగలు లాగొచ్చు. ఒక్కో తీగకు ఒక ట్రాన్సిస్టర్, దాని తర్వాత రిలే అనే కరెంటు స్విచ్చు, ఆ రిలే నుంచి మోటారు స్టార్టర్‌కి. కీబోర్డు మీద ఒక అక్షరం నొక్కితే గ్రైండర్ తిరగాలి, ఇంకోటి నొక్కితే జల్లెడ ఆడాలి.

"బటన్ నొక్కడానిక్కూడా బద్ధకమేంట్రా నీకు?" అన్నాడు అన్నయ్య. ఒళ్ళు మండింది. పంతం పట్టి మూడు రోజులు సోల్డరింగ్ చేస్తూనే కూర్చున్నాను.

మోటార్లకు బిగించే ముందు చిన్న బల్బులు పెట్టి చూశాను. చెప్పినట్టే వెలిగి ఆరాయి. ఒక్కటే తేడా. కంప్యూటర్ ఆన్ చేసిన కాసేపటికి, నా ప్రోగ్రామ్ ఇంకా మొదలు కాకముందే, ఎనిమిదీ ఒక్కసారి వెలిగి ఆరేవి. కాసేపేగా, పోనిద్దూ అనుకున్నాను. నా తెలివి తగలెయ్య! పైగా కరెంటు రాగానే కంప్యూటర్ తనంతట తానే ఆన్ అయ్యేలా కూడా పెట్టాను.

కరెంటు పోతే గ్రైండర్ లోపల గీకి శుభ్రం చేయడం మా మిల్లులో అలవాటు. మెయిన్ ఎవరూ దించరు. కరెంటు తిరిగొచ్చినా స్టార్టర్ పచ్చ బటన్ నొక్కందే మోటారు కదలదని ధీమా. ఇప్పుడా బటన్ పని కంప్యూటర్‌కి అప్పగించానని నేనూ ఆలోచించలేదు.

ఆ మధ్యాహ్నం కరెంటు పోయింది. అన్నయ్య గ్రైండర్ తలుపు తీసి, మోచేతిదాకా లోపల పెట్టి గడ్డకట్టిన కారం గీకుతున్నాడు. కరెంటొచ్చింది. కంప్యూటర్ కీచుమంది. నాకు బల్బులు గుర్తొచ్చాయి.

"చెయ్యి తియ్యి!" అని అరుస్తూ చొక్కా పట్టి లాగాను. "ఉండరా, అయిపోయింది," అని విదిలించుకున్నాడు. అంతే, తన్నాను. జల్లెడ అంచుకు నుదురు కొట్టుకుని కిందపడ్డాడు. బొటబొటా నెత్తురు.

"అన్ననే తంతావట్రా!" అంటూ లేచి నా జుట్టు పట్టి తల గోడకేసి కొట్టాడు. కళ్ళు బైర్లు కమ్మాయి. నేనూ ఊరుకోలేదు, దవడ మీద ఒకటిచ్చాను. "చంపేసుకునేట్టున్నారు, వదలండి బాబూ!" అని చెవిటికల్లు నుంచి మిరపకాయలు తెచ్చినావిడ కేకలు పెడుతోంది.

అప్పుడు గ్రైండర్ తిరిగింది. ఎవరూ ముట్టుకోకుండానే! తెరిచిన తలుపులోంచి కారం ఎగజిమ్మింది. దగ్గుతూ, గుడ్డివాడిలా తడుముకుంటూ వెళ్ళి మెయిన్ దించాను.

అన్నయ్య కుడిచెయ్యి ముఖం దగ్గర పెట్టుకుని చూసుకుంటున్నాడు. వేళ్ళు ముడుస్తున్నాడు, చాపుతున్నాడు.

"ఇట్టా తిరుగుద్దని నీకు ముందే తెలుసా?"

తెలియదంటే సరిపోయేది. కాపాడిన తమ్ముణ్ణని కావలించుకునేవాడు.

"తెలుసన్నయ్యా. బల్బులు పెట్టినప్పుడే చూశా. నీకు చెప్పలా."

మళ్ళీ కొట్టాడు. ఈసారి నేను చెయ్యి అడ్డం పెట్టలేదు. చెంప మీద వేళ్ళు అచ్చుపడ్డాయి. అద్దంలో లెక్కపెట్టుకుని ఏడ్చాను. ఐదూ ఉన్నాయి.